గన్నేరు పూసిన ఊళ్లో ఒక పగలు

(అమలాపురంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండీ. ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఏ ఊరి గురించి మాట్లాడినా ముందు పటం చూపించడం అలవాటు, కాబట్టి గోడ మీద ఈ పటం చూడండి. వెనకవాళ్లు కొంచెం ముందుకు రండి, ఇటు కుర్చీలున్నాయి.

ఉత్తరాన కొండలు. ఆ కొండల్లోంచి ఒక నది దిగుతోంది. మైదానంలోకి రాగానే చేతివేళ్లలా విడిపోయి, ఆరు పాయలై, దక్షిణాన సముద్రంలో కలుస్తోంది. పాయకీ పాయకీ మధ్య లంకలు, ఆ లంకల మీద ఊరు. పేరు తీసేసి చూపిస్తే మనవాళ్లు ఇది గోదావరి దిగువ పటమే అంటారు. నది పేరు ఓతా. ఊరి పేరు హిరోషిమా. హిరో అంటే విశాలమైన అని, షిమా అంటే దీవి అని. మన భాషలో చెప్పాలంటే పెదలంక.

1589లో మోరి తెరుమోతో అనే ప్రభువు ఈ లంకల మీద కోట కట్టడం మొదలుపెట్టాడు. అలా మొదలైన ఊరు ఇప్పుడు పన్నెండు లక్షల జనాభా ఉన్న నగరం.

మా అమ్మాయి, అల్లుడు ఒసాకాలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2024 జులైలో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు హిరోషిమా చూపించమన్నాను. మా అల్లుడు ప్లాను వేశాడు. "అత్తయ్యగారూ, పొద్దున్నే డోమ్, మ్యూజియం చూసేసి, పదకొండుకల్లా మియాజిమా దీవికి పడవ ఎక్కేద్దాం" అన్నాడు. డోమ్ అంటే బాంబు దెబ్బకి కూలగా మిగిలిన గుమ్మటం భవనం. ఎక్కువమంది చేసేది అదే. మియాజిమా అందమైన చోటు, కాదనను. సముద్రంలో నిలబడ్డ ఆ ఎర్ర తోరణం పదహారు మీటర్ల పైన ఎత్తు, ఇప్పుడున్నది 1875లో నిలబెట్టింది. దాన్ని చూడాలని ఎవరికుండదు? అయినా నేను వద్దన్నాను. "దానికి ఇంకో రోజు వద్దాం బాబూ, ఇవాళంతా ఊళ్లోనే ఉందాం" అన్నాను. మీకు చెబుదామని వచ్చింది కూడా ఆ మాటే. హిరోషిమాని రెండు రైళ్ల మధ్య దొరికిన మూడు గంటల్లో చూడకండి. ఆ కాస్త సేపట్లో 1945లో అమెరికా వేసిన అణుబాంబు ఒక్కటే కనిపిస్తుంది. ఆ తర్వాత ఇన్నేళ్లుగా బతుకుతూ వస్తున్న ఊరు కనిపించాలంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ తిరగాలి.

షిన్-ఒసాకాలో తొలి షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, ఎక్కితే గంటన్నర లోపే హిరోషిమాలో దిగుతారు. స్టేషన్ బయటే ట్రామ్‌లు. మేం వెళ్లినప్పుడు రోడ్డు మీదే ఎక్కాం. 2025 ఆగస్టు 3 నుంచి ట్రామ్ పట్టాలు ఏకంగా స్టేషన్ రెండో అంతస్తులోకే వెళ్తున్నాయి, కాబట్టి ఇక మీద వెళ్లేవాళ్లకి ఇంకా సులువు. 2వ నంబరుగానీ 6వ నంబరుగానీ ఎక్కండి, రెండూ డోమ్ దగ్గర ఆగుతాయి.

ఆ ట్రామ్‌ల గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఏమీ అనుకోకండి. హిరోషిమాలో ట్రామ్ 1912లో మొదలైంది. జపాన్‌లో ఇవాళ ఇంత పెద్ద ట్రామ్ వ్యవస్థ ఇంకే నగరంలోనూ లేదు. మిగతా ఊళ్లు కార్ల కోసం పట్టాలు పీకేసుకున్నప్పుడు, క్యోటో, ఒసాకా, కోబె వదిలించుకున్న పెట్టెల్ని వీళ్లు కొని తెచ్చుకున్నారు. ఇప్పటికీ కొన్నింటికి ఆ పాత ఊళ్ల రంగులే ఉన్నాయి. వాటి మధ్య 651, 652 అని రెండు బళ్లు. 1942లో తయారైనవి. బాంబు పడిన రోజు ఆ ఊళ్లోనే ఉన్నవి. బాగుచేసి నడుపుతూనే ఉన్నారు, సాధారణంగా పొద్దున్న రద్దీ వేళల్లో కనిపిస్తాయి. మా ఎదురుగా 652 వెళ్లింది. ఆకుపచ్చ, మీగడ రంగు పెట్టె. లోపల ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఫోన్లు చూసుకుంటూ నిలబడి ఉన్నారు.

ఆ బళ్లను 1945లో ఎవరు నడిపేవారో తెలుసా? ఆడపిల్లలు. మగవాళ్లు యుద్ధానికి పోతే నడిపేవాళ్లు లేక, ట్రామ్ కంపెనీ 1943లో ఒక బాలికల పాఠశాల పెట్టింది. చుట్టుపక్కల పల్లెల నుంచి పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు వచ్చి చేరారు. సగం పూట చదువు, సగం పూట కండక్టరు పని, కొంచెం పెద్దపిల్లలైతే డ్రైవరు పని. ఆగస్టు 6న బాంబు పడింది. ఆగస్టు 9న, మూడంటే మూడు రోజులకి, ఊరి పడమటి వైపు చిన్న ముక్క మీద మళ్లీ ట్రామ్ కదిలింది. దాంట్లో పనిచేసినవాళ్లలో ఆ బళ్లో చదివే పిల్లలున్నారు. డబ్బుల్లేని వాళ్ల దగ్గర టికెట్ తీసుకోలేదట. మూడు రోజుల కింద తోటిపిల్లలు చనిపోయారు. ఆ పిల్లలు వచ్చి బండి నడిపారు. నేను తొమ్మిదో తరగతి పిల్లల్ని ముప్ఫై రెండేళ్లు చూసినదాన్ని. ఆ వయసు ఎంతో నాకు తెలుసు. యుద్ధం అయిపోయాక ఆ బడి మూసేశారు, మగవాళ్లు తిరిగొచ్చారు.

డోమ్ స్టాప్‌లో దిగి, డోమ్ వైపు తిరగకుండా ముందు ఐయోయి వంతెన మీదికి నడవండి. పొద్దున్న ఎనిమిదింపావుకి అక్కడ ఉండేలా చూసుకోండి. ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో ఉంటుంది ఆ వంతెన. పైనుంచి విమానానికి స్పష్టంగా కనబడుతుందని దాన్నే గురిగా పెట్టుకున్నారు. అప్పటిది ఇప్పుడు లేదు, 1983లో కొత్తది కట్టారు. ఆకారం మాత్రం అదే. పార్కు చివర ఒక గడియార స్తంభం ఉంది, రోజూ సరిగ్గా 8:15కి మోగుతుంది. ఆగస్టు 6న మాత్రమే కాదండీ, ప్రతి రోజూ. మేం వంతెన మీద ఉండగానే మోగింది. సైకిళ్ల మీద పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. ఒకావిడ బుట్టలో చంటిపిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ వెళ్లింది. కింద నీళ్లు మెల్లగా సముద్రం వైపు తీస్తున్నాయి, పాటు సమయం.

బాంబు వంతెన మీద పడలేదు. కాస్త పక్కకి జరిగి, ఒక ఆసుపత్రి నెత్తిన, దాదాపు 600 మీటర్ల ఎత్తులో పేలింది. ఇప్పటికీ అక్కడ ఆసుపత్రే ఉంది. బయట ఒక చిన్న రాతి పలక. డోమ్ నుంచి రెండు నిమిషాల నడక, కానీ అటు వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లండి. తల ఎత్తి ఆకాశంలోకి చూడండి.

సోషల్ టీచరుగా ఇంకొక మాట. బాంబుకి లక్ష్యాలు ఎంచే అమెరికా కమిటీలో హిరోషిమా పేరు రావడానికి ఈ భూస్వరూపం కూడా ఒక కారణం. చుట్టూ కొండలుంటే పేలుడు దెబ్బ ఇంకా తీవ్రంగా తగులుతుందని లెక్క కట్టారు. మధ్యలో అంతా చదునైన లంకభూమి, అడ్డం లేదు. తూర్పున హిజియామా అని ఒక గుట్ట ఉంది. దాని నీడన పడ్డ వాడలే కొంత నిలిచాయి. నదులు తెచ్చి పోసిన మట్టి మీద ఊరు కట్టుకున్న వాళ్లం మనం కూడా. చదును నేల ఎంత మంచిదో పిల్లలకి పాఠం చెప్పాను. ఆ చదునే ఒక ఊరిని ఇలా పట్టిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

డోమ్ దగ్గరికి వద్దాం. 1915లో అది సరుకుల ప్రదర్శనశాలగా మొదలైంది. కట్టింది యాన్ లెట్జెల్ అనే చెక్ దేశస్థుడు. పేలుడు కేంద్రానికి 160 మీటర్లు. దెబ్బ దాదాపు నిట్టనిలువుగా పైనుంచి పడింది కాబట్టి కొన్ని గోడలు నిలిచాయి. లోపలున్న వాళ్లెవరూ మిగల్లేదు. యుద్ధం తర్వాత చాలాకాలం దాన్ని ఉంచాలా కూల్చాలా అని ఊళ్లోనే వాదన. చూస్తే గుండె తరుక్కుపోతుంది, తీసేయండి అన్నవాళ్లున్నారు, వాళ్లకి ఆ హక్కు ఉంది. పసితనంలో బాంబు దెబ్బ తిని 1960లో రక్తక్యాన్సర్‌తో చనిపోయిన ఒక హైస్కూలు అమ్మాయి, ఆ డోమ్ ఒక్కటే ఆ రోజు సంగతి రేపటివాళ్లకి చెబుతుందన్న అర్థంలో డైరీలో రాసుకుంది. అది చదివి పిల్లలు సంతకాలు, చందాలు పోగుచేశారు. 1966లో నగరసభ దాన్ని కాపాడాలని తీర్మానించింది. 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

వంతెన దాటితే శాంతి పార్కు. పచ్చగా, చల్లగా, విశాలంగా ఉంటుంది. అంత పార్కు చూసి చాలామంది, ఇక్కడ ఖాళీ స్థలం కాబట్టి అంత నష్టం జరిగి ఉండదులే అనుకుంటారట. 1945 ఆగస్టు 5 దాకా అది నకాజిమా అనే పేట. ఇళ్లు, దుకాణాలు, సినిమా హాళ్లు, గుళ్లు. ఆ బూడిద మీద మట్టి పోసి ఎత్తు చేసి పార్కు కట్టారు. మీరు నడిచే గడ్డి కింద వీధులున్నాయి. మ్యూజియం దగ్గరలో ఒకచోట తవ్వి, 2022 నుంచి చూడనిస్తున్నారు. అప్పటి బాట, కాలిపోయిన చాప మిగులు కనిపిస్తాయి. పార్కులో రెస్ట్ హౌస్ అనే భవనం ఉంది, 1929లో కిమోనోల కొట్టుగా కట్టారు. ఆ పొద్దున కాగితాల కోసం నేలమాళిగలోకి దిగిన ఒక ఉద్యోగి, కేంద్రానికి 170 మీటర్ల దూరంలో, బతికి బయటికొచ్చాడు. ఆ మెట్లు మనం దిగి చూడొచ్చు.

మ్యూజియం గురించి ఎక్కువ చెప్పను. మేం వెళ్లినప్పుడు 200 యెన్ల టికెట్. పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ. రెండు గంటలైనా పెట్టుకోండి. నాలుగేళ్లు కూడా నిండని ఒక పిల్లాడి మూడుచక్రాల సైకిలుంది. వాడికి ఇష్టమని తండ్రి దాన్ని వాడితోపాటే పెరట్లో పాతిపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత, 1985లో, పిల్లాడి ఎముకల్ని సమాధికి మార్చినప్పుడు ఆ సైకిలు బయటికి తీసి మ్యూజియంకి ఇచ్చాడు. నేను దాని ముందు నుంచి చాలాసేపు కదల్లేదు. పదేళ్ల లోపు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లొద్దని నా అభిప్రాయం. వాళ్లకి పార్కులో సదాకో సాసాకి కథ చాలు. రెండేళ్లప్పుడు బాంబు, పన్నెండేళ్లప్పుడు, 1955లో, రక్తక్యాన్సర్. ఆస్పత్రిలో కాగితపు కొంగలు మడుస్తూ పోయింది. ఆ పిల్ల తోటివాళ్లు మొదలుపెట్టిన ప్రయత్నంతో 1958లో అక్కడ విగ్రహం లేచింది. ఏటా దాదాపు కోటి కాగితపు కొంగలు అక్కడికి వస్తాయి. బరువు పది టన్నులు.

ఇక్కడ భాష గురించి ఒక సంగతి చెప్పాలి. పార్కు మధ్యలో, కమాను ఆకారంలో, 1952లో కట్టిన స్మారకం ఉంది. దాని మీద జపనీసులో రెండు ముక్కలు చెక్కి ఉన్నాయి. శాంతిగా నిద్రపోండి, తప్పు మళ్లీ జరగనివ్వం అని భావం. ఆ రెండో ముక్కలో జపనీసు వాక్యానికి కర్త లేదు. క్రియలో కూడా నేను, నువ్వు, వాడు అనే తేడా ఉండదు. అదే ఏడాది రాధావినోద్ పాల్ గారు అక్కడికి వెళ్లారు. టోక్యో యుద్ధనేరాల విచారణలో కూర్చున్న 11 మంది జడ్జీల్లో మన దేశం నుంచి వెళ్లినాయన. నిందితులెవరూ దోషులు కారని తీర్పు రాసినాయన. ఆ మాట చూసి, తప్పు ఎవరిది, బాంబు వేసింది జపాన్ వాళ్లు కాదే అని అభ్యంతరపెట్టారు. రాసిన ప్రొఫెసరు సాయికా తదయోషి బదులిచ్చారు, ఆ మాటలో ఉన్నది మనుషులందరూ అని.

ఇంగ్లీషులో 'వి' అని రాసేస్తే ఈ తగాదా తెలియదు. తెలుగులో తెలుస్తుంది. "మళ్లీ చేయం" అంటే, ఎవరు? మేమా, మనమా? పాల్ గారు చదివింది 'మేము' అని. సాయికా గారు రాసింది 'మనము' అని. జపనీసు రాక మా అల్లుడి చేత అక్షరం అక్షరం చెప్పించుకుని ఆ రాయి ముందు నిలబడ్డప్పుడు, ఈ తేడా చెప్పుకోవడానికి నా భాషలో రెండు మాటలు ఉన్నాయని ఎంత సంతోషం వేసిందో. పాల్ గారి కోపం నాకు అర్థమైంది. నాకు మాత్రం 'మనము' అనే చదవబుద్ధయింది.

మధ్యాహ్నం భోజనానికి ఒకోనోమియాకి తినండి. హిరోషిమాది వేరు, ఒసాకాది వేరు. ఒసాకాలో అన్నీ పిండిలో కలిపి వేస్తారు. ఇక్కడ పెద్ద పెనం మీద పల్చగా పిండి అట్టులా తిప్పి, దాని మీద క్యాబేజీ గుట్టలా పోసి, మాంసం ముక్కలు పేర్చి, తిరగేసి, నూడుల్సు, పైన గుడ్డు. అట్లకాడతోనే కోసుకుని, పెనం మీది నుంచే తింటారు. యుద్ధానికి ముందు ఇది పిల్లల చిరుతిండి, ఒక సెన్‌కి, అంటే యెన్‌లో నూరోవంతుకి, దొరికేది. యుద్ధం తర్వాత బియ్యం లేవు, అమెరికా నుంచి గోధుమపిండి వచ్చేది. భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు ఇంటి ముందుగదిలో పెనం పెట్టుకుని ఇది అమ్మి పిల్లల్ని పెంచారు. ఆ ఊళ్లో చాలా కొట్ల పేర్ల చివర 'చాన్' అని, మన 'చిట్టి', 'బుజ్జి' లాగా ఉండటానికి అదొక కారణమని చెప్తారు. నేను మాంసం తినను. "నికు నాషి" అంటే మాంసం లేకుండా అని. అడిగితే వేసిచ్చారు. కాకపోతే సాసుల్లో మాంసం సారం కలిసే వీలుంది, పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోండి.

భోజనం అయ్యాక ఎండలో రెండు చోట్లకి నడిచాం. ఒకటి బ్యాంక్ ఆఫ్ జపాన్ పాత శాఖ, కేంద్రానికి 380 మీటర్లు. ఆగస్టు 8న, రెండు రోజులకే, తలుపులు తెరిచి డబ్బులివ్వడం మొదలుపెట్టింది. రెండోది ఫుకురోమాచి ప్రాథమిక పాఠశాల. మీరు ఏది మానేసినా ఇది మానకండి. ఆ బడిని గాయపడ్డవాళ్ల కోసం సహాయకేంద్రం చేశారు. మసిబారిన గోడల మీద సుద్దముక్కతో జనం రాసుకున్నారు. ఫలానా పిల్ల కోసం వెతుకుతున్నాం, ఫలానా టీచరు ఫలానా చోట ఉన్నారు, అని. తర్వాత ఆ గోడలకి గిలాబా పూశారు. 1999లో బడి తిరిగి కట్టేటప్పుడు గిలాబా వలిస్తే కింద ఆ అక్షరాలు బయటపడ్డాయి. సుద్దముక్కతోనే నా బతుకంతా గడిచింది. ఇంతకంటే ఏం చెప్పను.

కోట బయటి నుంచి చూశాం. ఇప్పుడున్నది 1958లో కట్టింది. అక్కడ గంట పెట్టేకంటే షుక్కెయిఎన్ తోటలో గంట కూర్చోవడం మేలు. 1620లో వేసిన తోట, మధ్యలో కొలను, చిన్న చిన్న దీవులు. కాలిపోయినవాళ్లు పరుగున అక్కడికి చేరి, అక్కడే ప్రాణాలు విడిచారు. నది ఒడ్డున ఒక పాత గింకో చెట్టు ఒరిగి నిలబడి ఉంది, బాంబుకి తట్టుకుని మిగిలింది. ఊరంతా ఇలాంటి చెట్లున్నాయి, ప్రతి చెట్టుకీ చిన్న పలక కట్టి ఉంటుంది. పార్కులోని అఒగిరి చెట్టుకైతే మాను ఒకవైపు కాలి డొల్లయిపోయింది. మిగిలిన పక్క నుంచి ఆకు వేస్తూనే ఉంది.

ఇంక గన్నేరు సంగతి. బాంబు తర్వాత 75 ఏళ్ల వరకూ ఆ నేల మీద గడ్డి కూడా మొలవదని ప్రచారం జరిగింది. మరుసటి వేసవికే గన్నేరు పూసింది. 1973లో దాన్ని నగర పుష్పంగా ఎంచుకున్నారు. జులై కాబట్టి మేం వెళ్లినప్పుడు నది గట్టున విరగబూసి ఉంది, మన దొడ్లో పూసే అదే గులాబి రంగు, అదే తెలుపు. మనం పొద్దున్నే దేవుడికి కోసే పువ్వు. ఇంట్లో కష్టం వస్తే ఆడవాళ్లు గన్నేరుపప్పు నూరుకుని తాగారన్న వార్తలు విని పెరిగినవాళ్లం కూడా మనమే. ఆ రెండు సంగతులూ ఎరిగినదాన్ని కాబట్టేమో, ఆ పొదల దగ్గర నాకు కాళ్లు ఆడలేదు. మా అల్లుడు ఫొటో తీస్తానంటే వద్దన్నాను.

సాయంత్రం అయ్యేసరికి పోటు ఎక్కింది. హిరోషిమా నదుల్లో ఆటుపోట్లు ఊరి నడిబొడ్డు దాకా వస్తాయి. ఒడ్డున రాతి మెట్లు నీళ్లలోకి దిగి ఉంటాయి, గంగి అంటారు. పడవల్లో సరుకు దింపుకోవడానికి కట్టుకున్నవి. అచ్చం మన రేవు. పొద్దున్న నేను లెక్కపెట్టిన మెట్లలో ఆరు మునిగిపోయాయి. అలవాటు కొద్దీ మెట్టు మీద కూర్చుని ముఖం కడుక్కుందామని చెయ్యి ముంచాను. ముంచాక మ్యూజియంలో చదివింది గుర్తొచ్చింది. ఆ రోజు అందరూ అడిగింది ఒక్కటే, "మిజు, మిజు" అని. నీళ్లు, నీళ్లు. ఈ పాయల్లోకే దిగారు. ఇస్తే చచ్చిపోతారని చెప్పడంతో ఇవ్వకుండా ఉండి, తర్వాత జీవితమంతా బాధపడ్డవాళ్లున్నారు. అందుకే అక్కడ స్మారకాల ముందు ఇప్పటికీ నీళ్లు పెడతారు.

పార్కులో ఒక మూల గడ్డి మొలిచిన మట్టిదిబ్బ ఉంది. దాదాపు 70,000 మంది అస్థికలు దాని కింద ఉన్నాయి. ఎవరివో తెలియనివి, తీసుకెళ్లేవాళ్లు లేనివి. కొందరి పేర్లు తెలుసు, ఇల్లంతా పోయింది, ఇక ఎవరొస్తారు? మా వైపు ఆడవాళ్లు తర్పణాలు వదలరు. నా చేతిలో సగం తాగిన నీళ్ల సీసా ఉంది, దాన్ని పక్కన పెట్టి కొళాయి దగ్గర దోసిలి పట్టుకుని వచ్చాను. పేరూ గోత్రమూ ఏం చెప్పుకోవాలో తెలియలేదు. ఏమీ చెప్పకుండా పోశాను. వచ్చేలోపు సగం నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి, అందుకని మళ్లీ వెళ్లి ఇంకో దోసిలి తెచ్చాను. అప్పటికి ఆరున్నర. మా అల్లుడు ట్రామ్ స్టాప్‌లో నా చేతిసంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.